ఆ ఫోటో కింద వేయాల్సిన పేరు

చిరంజీవి నాన్నకు,

మీ అమ్మ నోటితో చెప్పి రాయిస్తున్న దీవెనలు. ఇక్కడ నేనూ, నీ భార్యా, నీ చెల్లెలూ, నలభై మూడు రోజుల నీ కూతురూ నలుగురమూ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ ఓడా, ఆ ఓడ కడుపులో నువ్వు కాచుకునే ఇంజనూ బాగున్నాయనుకుంటున్నాను. దగ్గు తగ్గిందని రాశావు గానీ ఆ మాట మూడో పేజీలో ఒక మూలకి రాశావు. నిజంగా తగ్గినవాడు మొదటి పేజీలోనే రాస్తాడు. ఇంజను వేడిలోంచి తిన్నగా చల్లగాలిలోకి వెళ్ళకు.

ఈ ఉత్తరం రాస్తున్నది నీ భార్య. ఒళ్ళో పిల్ల, పిల్ల పక్కన అట్ట, అట్ట మీద కాగితం. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, సొంత తెలివి కలపొద్దన్నాను. "అలాగే అత్తయ్యా" అంది. ఎంతవరకు మాట మీద నిలబడుతుందో చూద్దాం.

పాప ఎవరి పోలిక అని అడిగావు. ముక్కు నీది, పాపం. ఆడపిల్ల కదా, పెద్దయ్యాక సర్దుకుంటుందిలే. కోపం మాత్రం నాది. పాలు అర నిమిషం ఆలస్యమైతే పిడికిళ్ళు బిగించి ఇల్లెగరగొడుతుంది. బరువు కూడా బాగా పెరిగింది. ఆసుపత్రి తక్కెడలో వేస్తే ముల్లు గబగబా తిరిగింది.

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. మేం పంపిన కాన్పు ఫోటోల్లో పదిహేడోదాన్ని రేవులో ఫోటోల పత్రిక నడిపే ఆయనకి చూపిస్తే, ఆయన కుర్చీలోంచి లేచాడనీ, పేజీ నిండా వేస్తానన్నాడనీ రాశావు. కింద నా పేరు వేసి, 'డెబ్బై ఒక్కేళ్ళ వయసులో, అక్షరం ముక్క రాని ఆసుపత్రి ఆయా తీసిన ఫోటో' అని వేస్తాడన్నావు. ఓడ మళ్ళీ ఆ రేవుకి చేరేలోపు పేరు ఎలా రాయాలో రాయించి పంపమన్నావు. ఈ సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది. స్టూడియో ఆయన ఆ ఫోటోని పెద్దది చేసి అద్దాల అరలో పెట్టాడు. పాలకి వెళ్తున్నా మందులకి వెళ్తున్నా ఎవరో ఒకరు ఆపి, "మీరేనటగా" అంటున్నారు.

ఆ పేరు సంగతి చివర చెబుతాను. అది ఒక్క ముక్కలో తేలే మాట కాదు. ముందు నువ్వడిగిన తక్కిన ప్రశ్నలకి జవాబులు రాయిస్తాను.

మొదటి ప్రశ్న. "అమ్మా, చెల్లి చేతిలోంచి కెమెరా లాక్కోవడం ఏం బాగుంది?" అన్నావు. నీ చెల్లెలు నీకు విడిగా ఉత్తరం రాసిందన్నమాట. దాని ఫిర్యాదు విని, నా వాదన వినకుండానే తీర్పు చెప్పేశావు. చదువుకున్నవాళ్ళ న్యాయం ఇలాగే ఉంటుంది కాబోలు. ఇప్పుడు నా వాదన కూడా విను.

నువ్వు ఓడెక్కేముందు కెమెరా, ఒక రీలు, రెండు కాగితాల నిండా సూచనలు నీ చెల్లెలికి అప్పజెప్పి వెళ్ళావు. "నేను చూడలేనిది నాకు చూపించండి" అని దాని చెయ్యి పట్టుకుని చెప్పావు. అది పంతులమ్మ. నెల రోజులు ఆ కాగితాలు పాఠం చెప్పినట్టు పైకి చదివింది. తలగడకి తువ్వాలు చుట్టి, అదే బిడ్డ అంది. కాన్పయ్యే మనిషిని నేనట. మంచం మీద పడుకుని మూలగమంది. నీ తర్వాత అది పుట్టినప్పుడు పడ్డ నొప్పులు చాలవన్నట్టు, ఈ వయసులో నాకు మళ్ళీ నొప్పులు తెప్పించింది.

"సరిగా మూలుగమ్మా, నవ్వొద్దు, నువ్వు నవ్వితే ఫోటో కదిలిపోతుంది" అని కసిరేది.

అలా మూలుగుతూనే నీ కాగితాలన్నీ విన్నాను. రాయడం రాని మనిషికి వినడం బాగా వచ్చు. ఫ్లాష్ వద్దు, పసికళ్ళు. గదిలో వెలుతురు చాలదు కాబట్టి నాలుగొందల రీలుని ఎనిమిదొందలనుకుని తీయాలి, కడిగేటప్పుడు ఎక్కువసేపు కడగమని స్టూడియో ఆయనకి చెప్పాలి. లెన్స్ చుట్టూ ఉన్న కట్టుని రెండు దగ్గర పెట్టాలి, అప్పుడు దాని కన్ను పెద్దగా తెరుచుకుంటుంది. పైన ఉన్న చక్రాన్ని అరవై దగ్గర పెట్టాలి, అంతకంటే తగ్గిస్తే చెయ్యి వణికినా ఫోటో అలుక్కుపోతుంది. తెల్ల దుప్పటి చూపిస్తే వెలుతురు కొలిచే లోపలి సూది మోసపోతుంది కాబట్టి అరచేతికి చూపించి సూదిని మధ్యలో నిలబెట్టాలి. ఊపిరి బయటికి వదిలాక నొక్కాలి. చూశావా, ఒక్కటి తప్పానా?

ఇక్కడ నీ భార్య రాయడం ఆపి, "అన్నీ సరిగ్గా చెప్పారు" అంది. నేను అడగలేదు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రికి చేరాం. లోపలికి ఒక్కరినే రానిస్తారు. నీ చెల్లెలు కెమెరా మెడలో వేసుకుని తలుపు దాకా వచ్చింది. అదే సమయానికి ఒక కొత్త ఆయా నెత్తుటి బేసిన్ పట్టుకుని బయటికొచ్చింది. దాని మీద గుడ్డ కప్పలేదు. మా రోజుల్లో గుడ్డ లేకుండా బేసిన్ గడప దాటేది కాదు. నీ చెల్లెలు బేసిన్ చూసింది, గోడ చూసింది, ఆ తర్వాత ఏమీ చూడలేదు. ఒక చేత్తో దాని తలనీ ఇంకో చేత్తో నీ కెమెరానీ నేలకి తగలకుండా పట్టుకున్నాను. తలని బెంచీ మీద ఆనించాను. కెమెరాని నా మెడలో వేసుకున్నాను. దీన్ని లాక్కోవడం అంటారట!

పెద్ద నర్సమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఆయమ్మా, నువ్వా ఫోటోలు తీసేది?"

"ముప్పై ఒక్కేళ్ళు ఈ గదిలో నేల కడిగాను, బల్లలు కడిగాను, బిడ్డల్ని కడిగాను. మీట నొక్కడం అంతకంటే కష్టమా?"

"ఫ్లాష్ వెయ్యకూడదు."

"మా వాడూ అదే రాశాడు."

"ట్రాలీకి అడ్డం రాకూడదు."

"ట్రాలీ ఏ చక్రం మొరాయిస్తుందో నీకు చూపించిందే నేను. నువ్వు చేరిన కొత్తలో దాన్ని గోడకి గుద్దలేదూ?"

నవ్వి పక్కకి తప్పుకుంది.

రెండో ప్రశ్న. మొదటి మూడు ఫోటోలూ ఎందుకు అలికినట్టున్నాయి, నీ చెల్లెలు చక్రాల మీద పెట్టిన ఎర్ర చుక్కలు ఏమయ్యాయి అని అడిగావు. ఇది నా తప్పే, దాచను. నాకు అంకెలు లెక్కపెట్టడం వచ్చు, చదవడం రాదు. పైగా ఆ అంకెలు చీమ తలకాయంత ఉన్నాయి. ఎందుకైనా మంచిదని నీ చెల్లెలు పిల్లల పుస్తకాలు దిద్దే ఎర్ర సిరాతో అరవై దగ్గర ఒక చుక్క, రెండు దగ్గర ఒక చుక్క పెట్టింది. లెన్స్ నుంచి బిడ్డకి ఎంత దూరం ఉండాలో రెండు మూరల దారంతో కొలిచి, ఆ దూరానికి లెన్స్ మీది రెండో కట్టు తిప్పి, అది కదలకుండా నేనే ప్లాస్టరు ముక్క అంటించాను. అంతవరకు బాగానే ఉంది.

కానీ ముప్పై ఒక్కేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ గదిలోకి ఏ వస్తువు వచ్చినా, కత్తెరైనా గడియారమైనా, స్పిరిట్ దూదితో తుడవాల్సిందే. గడప లోపల కాలు పెట్టగానే నా చెయ్యి దానంతటదే దూది అందుకుంది. నీ కెమెరాని పైనా కిందా, చక్రాల సందుల్లో కూడా తళతళలాడేట్టు తుడిచాను. దూది ఎర్రగా అయింది. అది చూసి కూడా, 'ఎంత మురికి పట్టిందో' అనుకున్నాను! తుడవడంలో చక్రాలూ తిరిగిపోయాయి. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూద్దును కదా, ఒక్క చుక్క లేదు.

సరే, సూది ఉందిగా అనుకున్నాను. అరచేతికి చూపించి, ఏదో ఒకటి తిప్పి, సూదిని మధ్యలో నిలబెట్టి మూడు నొక్కాను. సూది మధ్యలోనే ఉంది, కానీ చక్రం పదిహేను దగ్గర ఉందట. అందుకే అలుక్కుపోయాయి. నాలుగో దాని నుంచి సరిపోయింది. ఎలా సరిపోయిందో తర్వాత చెబుతాను.

నాలుగు నుంచి పదహారు దాకా నావి. అక్షరాలా నావి. వాటి మీద నాకు సిగ్గు లేదు, వినయం కూడా లేదు. ఏడో ఫోటోని మెచ్చుకున్నావు చూడు, బల్ల కమ్మీని పట్టుకున్న వేళ్ళు, కణుపులు తెల్లబడి, వెనకాల కిటికీ వెలుతురు. అది ఊరికే దొరకలేదు. ఆ గదిలో తూర్పు కిటికీ నుంచి వెలుతురు పదింటికి ఆ కమ్మీ మీదికి వచ్చి, పదకొండుకి నేల మీదికి దిగిపోతుంది. నేల తుడిచేదానికి తెలిసినంతగా ఆ సంగతి డాక్టర్లకి కూడా తెలియదు. ఎండ పడిన చోటే తడి ముందు ఆరుతుంది మరి. ఆ వెలుతురు కోసమే బల్లని జానెడు ఇటు జరిపించాను. నర్సమ్మ, "ఇదేమన్నా స్టూడియోనా?" అంది. "కాసేపు అనుకో" అన్నాను.

పన్నెండోది నుదుటి మీద చెమట. పదహారోది నీ భార్య కళ్ళు మూసుకున్న మొహం. నొప్పి మొహం కాదది, నొప్పికీ నొప్పికీ మధ్య మొహం. దాన్ని తీయాలని నీ కాగితాల్లో లేదు. షట్టరు ఎంతసేపు తెరవాలో నీకు తెలుసు. ఆ గదిలో ఎప్పుడు తెరవాలో నాకు తెలుసు. ఏవి తీయాలో ఏవి తీయకూడదో ముందే నీ భార్యని అడిగాను. "మొహం, చేతులు, పాప. ఇంకేం వద్దు అత్తయ్యా" అంది. ఒక్కటి కూడా గీత దాటలేదు.

ఇక మూడో ప్రశ్న. "అమ్మా, పదిహేడోది ఎక్కడ నిలబడి తీశావు? తల్లి తల వైపు నుంచి తీసినట్టుంది. రెండు మోకాళ్ళ మీద దుప్పటి, వాటి మధ్య నుంచి ఎవరి చేతులో బిడ్డని పైకెత్తుతున్నాయి. నువ్వు కిటికీ పక్కన ఉన్నానన్నావు కదా. ఆ చేతులు నర్సమ్మవా? ఆమె పేరు కూడా వేయిద్దాం" అని అడిగావు.

నిలబడి తీసిన ఫోటో కాదురా అది.

నాన్నా, ఇక్కణ్ణుంచి అక్షరాలు మారాయి, గమనించావా? "ఇది నేను రాయను అత్తయ్యా" అని నీ భార్య కలం కింద పెట్టేసింది. రాయమని కోప్పడ్డాను. "మీరు చెప్పినా రాయను, మీరు అరిచినా రాయను" అని పిల్లనెత్తుకుని వంటింట్లోకి పోయింది. మాట మీద ఎంతవరకు నిలబడిందో చూశావుగా! నీ చెల్లెల్ని పిలిచాను. అది ముందు పేజీలన్నీ చదివి, "నేను మూర్ఛపోలేదు, కళ్ళు తిరిగాయంతే" అని రాయాలట, అప్పుడే మిగతాది రాస్తుందట. రాసుకోనీ. కళ్ళు తిరిగాయంతే.

ఇప్పుడు విను. మొదటి మూడు ఫోటోలు తీశాక బల్ల మీదనుంచి నీ భార్య, "అత్తయ్యా, ఆ శబ్దం తప్పు" అంది.

"ఏ శబ్దమే?"

"కెమెరా శబ్దం. సాగుతోంది. ఆయన తీసేటప్పుడు టక్కుమని తెగుతుంది. చక్రం ఎక్కడో కింద ఉంది. ఇటివ్వండి."

"నొప్పులు పడవే తల్లీ, చక్రం సంగతి నీకెందుకు?"

"ఇప్పుడు నొప్పి లేదు. రెండు నిమిషాలు తీరికే. ఇవ్వండి అత్తయ్యా."

ఇచ్చాను. పడుకున్నచోటే కెమెరాని మొహం మీదికి ఎత్తుకుని, అంకెలు చూసి, రెండు తిప్పుళ్ళు తిప్పి నా చేతిలో పెట్టింది. పెట్టిన వెంటనే నొప్పి అందుకుంది. నాలుగో ఫోటో నుంచి ఎలా సరిపోయిందో తెలిసిందిగా? రెండేళ్ళుగా నువ్వు కిటికీ దగ్గర నిలబెట్టి, మెట్ల మీద కూర్చోబెట్టి ఆ పిల్లని ఫోటోలు తీస్తుంటే, నేను పక్కింటావిడతో ఏమన్నానో తెలుసా? "మా వాడు కోడల్ని తేలేదు, బొమ్మని తెచ్చాడు. రేపు నొప్పులొస్తే ఏం తట్టుకుంటుంది?" అన్నాను. ఆ బొమ్మ ఆ రెండేళ్ళూ ఊరికే కూర్చోలేదు, వింటూ కూర్చుంది. మన ఇంట్లో వినడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను.

పదకొండు కావస్తుండగా తెర అవతలి బల్ల మీదికి ఒకామెని హడావుడిగా తెచ్చారు. ఆమె పరిస్థితి బాగాలేదు. డాక్టరమ్మ అటు పరుగెత్తింది. నర్సమ్మ మన దగ్గరున్న చక్రాల దీపాన్ని అటు లాక్కుపోతూ, "ఆయమ్మా, ఈ పిల్లకి ఇంకా అరగంట పడుతుంది, చూస్తూ ఉండు" అంది.

"అరగంట కాదు, అయిదు నిమిషాలు" అన్నాను. వినే తీరిక ఆమెకి లేదు. ఆమెని తప్పుపట్టను. ఆ సమయంలో నేనున్నా అటే పరుగెత్తేదాన్ని.

దీపం పోయేసరికి సూది అడుక్కి పడిపోయింది. "అమ్మాయ్, సూది పడుకుంది" అన్నాను.

"ముప్పైకి దించాలి. ఇవ్వండి."

ఇచ్చాను. తిప్పింది. నాకు తిరిగివ్వబోతూ ఆగిపోయింది. బిడ్డ వచ్చే ముందు తల్లి మొహంలో ఒక మార్పు వస్తుంది. చుట్టూ ఎవరూ లేనట్టు చూస్తుంది. ఆ చూపు చూశాక నేను దుప్పటి ఎత్తాను. తల వచ్చేసింది.

"నర్సమ్మా!" అని కేకేశాను.

"వస్తున్నా! పట్టుకో ఆయమ్మా, పట్టుకో!" అని తెర అవతలినుంచి.

నాన్నా, ముప్పై ఒక్కేళ్ళలో ఎన్ని వేల కాన్పులు చూశానో లెక్కలేదు. వేడినీళ్ళు అందించాను, గుడ్డలు అందించాను, దీపం పట్టుకున్నాను. బిడ్డని మాత్రం మొదటగా ఎప్పుడూ పట్టుకోలేదు. అది నా పని కాదు. ఆయా రెండో మనిషి. మొదటి చేతులు వేరేవాళ్ళవి. ఆ రోజు అక్కడ నా చేతులు తప్ప ఇంకెవరివీ లేవు. పొద్దున మోచేతుల దాకా కడిగిన చేతుల్నే ఇంకోసారి స్పిరిట్‌లో ముంచి చాపాను.

"ఇప్పుడు ముక్కకు. ఊపిరి వదులు, ఊదు, ఊదు. ఇంకా వద్దు. వద్దంటున్నానా? ఆఁ, ఇప్పుడు తల్లీ, ఇప్పుడు!"

ఒక్క జారు జారి వెచ్చగా నా చేతుల్లోకి వచ్చింది నీ కూతురు. పైకెత్తాను. ఎత్తుతుంటే టక్కుమని శబ్దం తెగింది. తలెత్తి చూద్దును కదా, నీ భార్య తల పైకి లేపి, మోచేతులు పక్కలకి ఆనించుకుని, కెమెరా కంటికి పెట్టుకుని ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"చూస్తున్నా అత్తయ్యా. దీన్ని పెట్టడానికి చోటు లేక కంటికి పెట్టుకున్నాను. ఏడుస్తోందా?"

"వినబడటం లేదూ?"

"వినబడుతోంది. అయినా మీరు చెప్పండి."

"ఏడుస్తోంది. ఆడపిల్ల. గట్టి గొంతు" అన్నాను. అప్పుడు కెమెరా దించి చేతులు చాపింది. పిల్లని ఆమె రొమ్ము మీద పడుకోబెట్టి, నర్సమ్మ వచ్చేదాకా గుడ్డ కప్పి పట్టుకున్నాను. నర్సమ్మ వచ్చి బొడ్డు కోసింది, తల్లినీ బిడ్డనీ చూసింది, ఇద్దరూ బాగున్నారంది. తెర అవతలి ఆమె కూడా గట్టెక్కింది.

ఆ చేతులు నర్సమ్మవి కావు. నావి. ఆ ఫోటో నాది కాదు. నీ భార్యది. నీ కూతుర్ని కంటూ, కన్న ఆ క్షణాన్నే తీసింది. నేను దారంతో కొలిచి పెట్టిన రెండు మూరల దూరం ఆ పిల్ల కంటికీ నా చేతులకీ మధ్య సరిగ్గా సరిపోయింది కాబట్టి కుదిరింది. ముప్పై దగ్గర పెట్టింది కాబట్టి నా చేతులు కాస్త కదిలాయి. ఆ కదలికే అందం అని ఆ పత్రికాయన అన్నాడన్నావు కదా. వణకలేదని చెప్పు ఆయనకి. ఎత్తుతున్నాయి.

మరి నేనే తీశానని ఎందుకు చెప్పావు అంటావు. మొదట నర్సమ్మ కోసం. రిజిస్టరులో 'కాన్పు చేసినది' అన్న చోట ఆమె పేరుంది. పని మానేసిన ఆయా బిడ్డని పట్టుకుందని తెలిస్తే పైవాళ్ళు ఆమెని ఏమంటారోనని, "ఈ మాట గడప దాటదు" అని నేనే చెప్పాను. ఫోటో నీ భార్య తీసిందంటే, మరి నువ్వెక్కడున్నావు అని అడుగుతారుగా. అందుకని.

అది ఒక సాకు. రెండోది అసలు మాట. స్టూడియో ఆయన రీలు కడిగి, తడి ఆరని ఫోటోని వేళ్ళ కొసలతో పట్టుకుని బయటికొచ్చి, "పెద్దమ్మా, ఇది ఎవరు తీశారు? పేరు చెప్పండి, రాసి పెట్టుకుంటాను" అన్నాడు. ముప్పై ఒక్కేళ్ళు పనిచేశాను నాన్నా. అందరూ ఆయమ్మా అన్నారు. పేరు చెప్పమని ఒక్కరూ అడగలేదు. ఇన్నాళ్ళకి ఒక మనిషి కలం తీసి నా నోటివంక చూశాడు. "నేనే" అన్నాను. నోరు జారిందని అబద్ధమాడను. జారలేదు, ఇష్టంగానే అన్నాను. పేరు చెప్పాను. రాసుకున్నాడు. ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేల మీద లేవు.

ఆ సాయంత్రమే నీ భార్యకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. "ఎవరు నొక్కితే ఏముంది అత్తయ్యా, పాప మనదేగా" అని పాలివ్వడంలో పడిపోయింది. నేనూ నోరు మూసుకున్నాను. వీధిలో పొగుడుతుంటే తలూపుకుంటూ తిరిగాను. బాగుంది కూడా. దాచడం దేనికి?

ఆరు రోజుల కిందట నీ ఉత్తరం వచ్చింది. ఆ పిల్లే చదివి వినిపించింది. పేజీ నిండా వేస్తారట, కింద అత్తయ్య పేరట, చదువురాని మనిషి తీసిన ఫోటో అట. ఒక్క చోట కూడా గొంతు తడబడలేదు. "అత్తయ్యా, మీ పేరు అచ్చులో వస్తుంది!" అని నవ్వుతూ పిల్ల చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించింది. అది చూశాక నాకు అన్నం దిగలేదురా. ఆరు రోజులుగా దిగలేదు. బొమ్మ అన్నాను, తట్టుకోలేదన్నాను. తట్టుకున్నది చాలక, నేను చేసింది కూడా తట్టుకుంది.

అందుకని నిన్న నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. సంగతంతా చెప్పి, "నీకేమన్నా ఇబ్బందా?" అని అడిగాను.

"ఆ రోజే డాక్టరమ్మకి నేను చెప్పేశాను ఆయమ్మా" అంది. "ఆవిడ ఏమందో తెలుసా? 'అరగంట అన్నది నువ్వు, అయిదు నిమిషాలన్నది ఆయమ్మ. ఇకనుంచి ఆయమ్మని అడుగు' అంది."

నెలన్నరగా నేను మోస్తున్న గుట్టు ఆ గదిలో అందరికీ తెలుసట. నాకొక్కదానికే అది గుట్టు.

ఇప్పుడు పేరు సంగతి. ఫోటో కింద నీ భార్య పేరు వేయించు. పూర్తి పేరు. 'ఫలానావారి భార్య' అని వేయించకు, 'ఫలానావారి కోడలు' అని అసలే వేయించకు. చదువురాని ముసలిది తీసిందంటేనే వింత, చదువుకున్న పిల్ల తీస్తే ఏం వింత అని ఆ పత్రికాయన మొహం చిట్లిస్తే, ఆ ఫోటో ఎక్కడినుంచి తీసిందో అతనికి చూపించు. నిలబడేందుకు అక్కడ చోటు లేదు. పడుకుని, కంటూ తీసింది. దానికంటే వింత కావాలంటే వేరే లోకంలో వెతుక్కోమను. అప్పటికీ వేయనంటే ఫోటో వెనక్కి తీసుకుని వచ్చెయ్. అబద్ధం పేరుతో అచ్చవ్వడం కంటే మన గోడ మీద ఉండటం మేలు. ఓడంతా 'మా అమ్మ, మా అమ్మ' అని చెప్పుకుని ఉంటావు. ఇప్పుడు 'మా ఆవిడ' అని చెప్పుకో. నోరేం అరిగిపోదు.

స్టూడియో ఆయనకి పొద్దున్నే చెప్పి వచ్చాను. అద్దాల అరలో ఫోటో కింద చీటీ మార్చమన్నాను. "మరి మీ పేరు కొట్టెయ్యనా పెద్దమ్మా?" అన్నాడు. "గట్టిగా కొట్టెయ్" అన్నాను. అతను కొడుతుంటే చూడలేక బయటికొచ్చేశాను, అది నిజం.

ఇదంతా విని వంటింట్లోంచి నీ భార్య అరుస్తోంది. తన పేరు వేస్తే అత్తయ్య పేరు కూడా వేయాలట, లేకపోతే తనదీ వద్దట. అరగంటగా ఇదే గొడవ. నీ చెల్లెలు మధ్యవర్తి. పాప ఒకవైపు, నేనొకవైపు, నీ భార్య ఒకవైపు అరుస్తుంటే ఏది రాయాలో దానికి తెలియడం లేదు. చివరికి ఇలా తెగింది, నువ్వు ఇలాగే వేయించు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు:

పైన పెద్దక్షరాలతో, ఫోటో: నీ భార్య పేరు.

కింద చిన్నక్షరాలతో, చేతులు: అత్తగారివి.

ఇట్లు,
నీ కూతుర్ని మొట్టమొదట ఎత్తుకున్న మీ అమ్మ
(వేలిముద్ర)